లంకపదాన్వేషణము - శోధనసంకేతముల విమర్శ

కొన్ని సంవత్సరముల క్రిందట నొక సాహిత్యసదస్సునందు గోదావరీమండలభాషను గూర్చి యొక పరిశోధకుడు పత్రము చదివెను. అందలి నిర్ణయములలో నొకటి యిట్లుండెను: నదీమధ్యమందలి మెరకభూమికి 'లంక' యను పేరు ఇటీవలి వరదవార్తలవలన వ్యాపించినదే కాని పూర్వము గ్రంథస్థమైనది కాదు, ఏలయన అంతర్జాలమున నెంత వెదకినను పూర్వప్రయోగ మొక్కటియు లభింపలేదు. సభలో కోనసీమవారు కొందరుండిరి. వారు నవ్విరి. నవ్వు ఖండనము కాదు. పత్రకర్త సోమరి కాడు. తాను వాడిన శోధనవాక్యముల నన్నింటిని బత్రము చివర నచ్చొత్తించెను. అట్టి నిజాయితీ మన సిద్ధాంతవ్యాసములలో నరుదు. ఆ వాక్యములను జదివిన పిమ్మటనే యీ వ్యాసము వ్రాయవలెనను తలంపు నాకు గలిగినది. దోషము కొంత యాయనది, కొంత సాధనమునది, ఆ సాధనమును విద్యార్థుల చేతికిచ్చి దాని స్వభావమును జెప్పని మనది కొంత.

శోధనసంకేతములనగా వెదకుమాటలతోపాటు శోధనయంత్రమునకు మనమిచ్చు నాజ్ఞలు. ఉద్ధరణచిహ్నముల నడుమ నుంచిన పదబంధమును ఆ వరుసలోనే, ఆ రూపముననే వెదకుమని యర్థము. మాటకు ముందు ఎడము లేకుండ ఋణచిహ్నము నుంచినచో ఆ మాట గల పుటలను దొలగింపుమని యర్థము. రెండు మాటల నడుమ రోమను లిపిలో పెద్ద యక్షరములతో 'ఆర్' అని వ్రాసినచో వానిలో నేది యున్నను జాలును. 'సైట్' అను సంకేతము శోధనను ఒక్క స్థానమునకు, 'ఫైల్‌టైప్' అనునది పిడిఎఫ్ మొదలగు నొక్క రకపు పత్రములకు, 'ఇన్‌టైటిల్' అనునది శీర్షికలకు బరిమితము చేయును. 'బిఫోర్', 'ఆఫ్టర్' అనునవి కాలపు టెల్లలు. వీనిని గూగుల్ సంస్థ 2019లో బ్రవేశపెట్టినది. ఇవి శాసనములవలె శాశ్వతములు కావు. పూర్వము మాటను దప్పనిసరి చేయుటకు వాడిన ధనచిహ్నమును 2011లోను, సమానార్థకములను గూడ గలుపుకొను తరంగచిహ్నమును 2013లోను ఆ సంస్థయే విడిచినది. పది సంవత్సరముల నాటి శోధనవాక్యము నేడు అదే ఫలమీయవలెనను నియమము లేదు.

వీనికి మూలమైన తర్కము జార్జి బూల్ అను గణితవేత్తది. ఆయన తొలిగ్రంథము 1847లోను, ప్రసిద్ధగ్రంథము 1854లోను వెలువడినవి. ధవళేశ్వరపు టానకట్ట పని మొదలైనదియు 1847లోనే. ఈ రెంటికిని సంబంధ మేమియు లేదు. అయినను గోదావరివాడు ఈ తిథి నొకసారి తలచుకొనక మానడు.

శోధనయంత్రముల గుణమును గొలుచువారికి రెండు కొలతలు గలవు. వచ్చినవానిలో మనకు వలసిన వెన్ని యనునది యొకటి. వలసినవానిలో వచ్చిన వెన్ని యనునది రెండవది. 1960 దశకమున ఇంగ్లండునందలి క్రాన్‌ఫీల్డులో సిరిల్ క్లెవర్‌డన్ జరిపిన ప్రయోగములవలన నీ కొలతలు స్థిరపడినవి. మనకు వీనికి క్రొత్త మాటలు కల్పింప బనిలేదు. తర్కసంగ్రహము జదివినవారు గోలక్షణచర్చ నెరుగుదురు. కొమ్ములు గలది గోవు అన్నచో గేదె కూడ నందు జేరును, అది అతివ్యాప్తి. కపిలవర్ణము గలది గోవు అన్నచో తెల్లయావు తప్పిపోవును, అది అవ్యాప్తి. ఒంటిగిట్ట గలది గోవు అన్నచో ఏ గోవును జిక్కదు, అది అసంభవము. శోధనవాక్యము కూడ నొక లక్షణవాక్యమే. ఆంధ్రుడగు అన్నంభట్టు శిష్యులకు జెప్పిన యీ మూడు దోషములును దానికి యథాతథముగా వర్తించును.

శోధనసంకేతములలో నెక్కువపాలు అతివ్యాప్తిని దగ్గించుటకే పుట్టినవి. లక్షల పుటలు వచ్చి మీదబడు సామాన్యపాఠకునకు వలసినదియు నదియే. వానికి బది మంచి పుటలు చిక్కిన జాలును. తొంబది తప్పిపోయినను నష్టము లేదు. పరిశోధకుని స్థితి దీనికి దలక్రిందు. ఒక పదము ఎప్పటినుండి యున్నది, ఏ యర్థమున నున్నది యని నిర్ణయింపబూనినవానికి దప్పిపోయిన యా యొక్క ప్రయోగమే ప్రాణము. ఇక్కడ అవ్యాప్తియే ప్రధానదోషము. మన పత్రకర్త చేసినదేమన, సామాన్యపాఠకుని యుపాయములతో పరిశోధకుని నిర్ణయమును జేసెను.

ఆయన మొదటి శోధనవాక్యము 'లంక' యను నొక్క మాట. సింహళదేశము, క్రికెట్టుపందెములు, రావణుని పట్టణము, 'లంక' ఇంటిపేరు గలవారు - అన్నియు వెల్లువగా వచ్చిపడినవి. విసిగి రెండవ వాక్యమున శ్రీలంక, క్రికెట్, రావణ, అయోధ్య అను నాలుగు మాటలకును ఋణచిహ్నము లుంచెను. పుటలు కొన్ని మిగిలినవి. అవి యన్నియు నీ శతాబ్దపు వరదవార్తలే. ఆయన నిర్ణయమునకు బునాది యీ రెండవ వాక్యము.

పశ్చిమగోదావరిజిల్లా ఆచంటమండలమున అయోధ్యలంక యను గ్రామము గలదు. దానిని విడదీసి రెండు మాటలుగా వ్రాసిన ప్రతి పుటయు నీ శోధనలో మునిగిపోవును. ఇది చిన్న నష్టము. పెద్ద నష్టమింకొకటి. ఋణచిహ్నము వాక్యమును జూచి తొలగింపదు, పుటను జూచి తొలగించును; పుటయనగా నొక్కొక్కయెడ నైదువందల పుటల గ్రంథము. గోదావరీతీరగ్రామముల చరిత్ర నొకడు వ్రాసి, దాని కొక్క యధ్యాయమున రామాలయప్రసక్తిలో రావణుని పేరు దలచినచో గ్రంథమంతయు దొలగిపోవును. డెల్టాగ్రామములను గూర్చిన యే పెద్ద గ్రంథము రామాయణప్రసక్తి లేకుండ నుండును? కనుక నీ వాక్యము చిన్నవార్తలను నిలిపి పెద్దగ్రంథములను దోలివేసినది. ఫలములు క్రొత్తవియే యగుట లంకపదపు వయస్సును జెప్పుట లేదు. ఋణచిహ్నపు స్వభావమును జెప్పుచున్నది.

నానార్థకపదమున కేయర్థము గ్రహింపవలెనను ప్రశ్న మన శాస్త్రములకు గ్రొత్త కాదు. భర్తృహరి వాక్యపదీయమునందు జెప్పినవియు, ఆలంకారికులు స్వీకరించినవియు నగు అర్థనిర్ణయహేతువులను దెలుగుశాఖలలో మనము బోధించుచునే యున్నాము: సంయోగము, విప్రయోగము, సాహచర్యము, విరోధిత, ప్రకరణము, శబ్దాంతరసన్నిధి, దేశము, కాలము మొదలగునవి. శోధనసంకేతములను వీని ప్రక్కన నుంచి చూచినచో నాశ్చర్యకరమైన పోలిక కన్పట్టును. ఋణచిహ్నము విప్రయోగము. వేరొక మాటను జేర్చి వెదకుట శబ్దాంతరసన్నిధి. 'సైట్' సంకేతము దేశము. 'బిఫోర్', 'ఆఫ్టర్' అనునవి కాలము. పోలిక యింతటితో నాగినచో నిది పండితుల వినోదమగును. పోలిక చెడుచోటనే మనకు బ్రయోజనము గలదు.

శంఖచక్రములు లేని హరి యన్నప్పుడు గూడ శ్రోత విష్ణువునే గ్రహించును; ఉండదగినవాని విషయముననే లేకుండుటను జెప్పుదుము గావున. శాస్త్రమునందలి విప్రయోగము ఒక యర్థమును జూపు వ్రేలు. యంత్రమునందలి ఋణచిహ్నమున కర్థముతో బనిలేదు. అక్షరముల యభావమును మాత్రమే చూచును. 'ఈ లంక రావణుని లంక కాదు, గోదావరి లంక' యని యొక రచయిత యెంత స్పష్టముగా వ్రాసినను, అంత స్పష్టముగా వ్రాసిన పాపమునకు వాని పుట తొలగిపోవును. అర్థమును జక్కగా వివరించిన వాక్యమే ముందుగా బలియగుట యీ పద్ధతిలోని వింత.

కావున నానార్థకపదముల విషయమున దొలగింపుకంటె సన్నిధియే మేలు. లంకతో పొగాకు, రేవు, పడవ, పాయ, వరద, మెరక, ఒండ్రు మొదలగు మాటలలో నేదేని యుండవలెనని 'ఆర్' సంకేతముతో గోరవచ్చును. ఎదుర్లంక, ఊడిమూడిలంక మొదలగు గ్రామనామములను విడివిడిగా వెదకవచ్చును. గౌతమి, వసిష్ఠ, వైనతేయ యను పాయల పేర్లను జేర్పవచ్చును. ఇందు నొక మెలకువ కావలయును: వసిష్ఠ, వశిష్ఠ, వశిష్ట యని మూడు విధముల వ్రాయుచున్నారు. ఏది సాధువను చర్చ యిక్కడ బనికిరాదు. అసాధురూపమును వెదకుటకు సిగ్గుపడు పండితుడు ఆ రూపముతో వ్రాసిన సాక్షిని గోల్పోవును.

దేశకాలముల విషయమున బోలిక యింకను జెడును. శాస్త్రమున దేశమనగా జెప్పబడు వస్తువున్న చోటు. 'సైట్' సంకేతమునకు దేశమనగా బుట నిలిపియుంచిన గూడు. గోదావరిజిల్లాల రచయితల పాతపుస్తకముల ప్రతిబింబము లనేకము, భారతాంకీయగ్రంథాలయము సేకరించినవి, నేడు అమెరికాయందలి ఇంటర్నెట్ ఆర్కైవులో నున్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు స్థానములకు శోధనను గుదించినవాడు స్థానికసాక్ష్యము నేరుచున్నాననుకొనును. నిజమునకు దానిని విడిచి పోవుచున్నాడు.

కాలము మాటయు నంతే. 1986 ఆగస్టునందలి గోదావరి వరదను డెల్టావాసు లిప్పటికిని జెప్పుకొందురు. ఆ వరదను గూర్చి 1987కు బూర్వపు పుటలను జూపుమని 'బిఫోర్' సంకేత మిచ్చినచో ఫలము దాదాపు శూన్యము. అప్పటికి నేటి అంతర్జాలపుటలే లేవు. ఆ సంకేతము పుట ప్రకటితమైన తేదీని జూచును. పుటలో జెప్పిన కాలమును జూడదు. పూర్వపుస్తకమును 2015లో నెక్కించినచో దానికి 2015 నాటి పుట్టుక వ్రాయబడవచ్చును. మన పత్రకర్త మూడవ వాక్యమున 'బిఫోర్ 1990' అని యుంచి, ఏమియు రాకపోగా దానిని దన నిర్ణయమునకు బలముగా జూపినాడు. తర్కసంగ్రహపు టొంటిగిట్ట గోవు ఇదియే.

స్థలనామములు కాలముతో మారుటయు నీ సందర్భముననే తలపదగినది. రాజమండ్రి, రాజమహేంద్రి, రాజమహేంద్రవరం, రాజమహేంద్రవరము అను నాలుగు రూపములును దెలుగు ముద్రణలో నున్నవి. 2015లో రాజమహేంద్రవరమను పేరు అధికారికముగా మరల వచ్చినది. 1925లో గోదావరిజిల్లాలు తూర్పు పశ్చిమములుగా నేర్పడినవి. 2022 ఏప్రిలు 4వ తేదీ పునర్విభజనతో నమలాపురము కోనసీమజిల్లాకు, కాకినాడ తన పేరిటి జిల్లాకు గేంద్రములైనవి. భీమవరము పశ్చిమగోదావరికి ముఖ్యపట్టణమైనది. 'తూర్పుగోదావరిజిల్లా' యను మాటను తప్పనిసరి చేసి కోనసీమలంకలను వెదకువాడు 2022కు బూర్వపు వార్తలను బొంది, పిమ్మటివానిని గోల్పోవును. అట్లు పొందిన సంఖ్యలతో వరదవార్తలు తగ్గినవని పట్టిక గీయుటయు సంభవమే.

ఇంతవరకు జెప్పినది ఏ భాషకైన గొంత వర్తించును. తెలుగునకు బ్రత్యేకమైన చిక్కు పదస్వరూపమునందున్నది. ఈ సంకేతములు పుట్టిన భాషలో మాటకును మాటకును నడుమ నెడముండును. మాట తన రూపమును జాలవరకు విడువదు. మన భాషలో విభక్తి పదమున కంటుకొనును, సంధి పదముల నతుకును, సమాసము రెంటిని నొకటి చేయును. లంక, లంకలు, లంకలో, లంకయందు, లంకవాసులు, లంకపొగాకు - ఇవి మనకొక్క మాట యొక్క రూపములు. అక్షరములను బోల్చు యంత్రమున కారు వేర్వేరు మాటలు. నేటి శోధనయంత్రములు కొన్నియెడల దమంతట దాము రూపభేదములను గలిపి చూపును, కొన్నియెడల జూపవు. ఎప్పుడు గలిపినవో వెదకువానికి జెప్పవు. ఉద్ధరణచిహ్నము లుంచినంతనే ఆ మాత్రపు సాయమును దొలగిపోవును. ఖచ్చితముగా వెదకవలెనని యుద్ధరణచిహ్నము లుంచిన విద్యార్థి, ఖచ్చితత్వముతోపాటు దెలుగు వ్యాకరణమును గూడ నాపివైచుచున్నాడు.

నక్షత్రచిహ్నముతో నీ కొరత దీరునని కొందరు తలతురు. గూగుల్‌లో నక్షత్రము పూర్తిపదమునకు బదులు నిలుచును గాని పదశేషమునకు గాదు. తెలుగు వికీపీడియా, వికీసోర్సులలోని శోధన వేరు. అచ్చట లంక పిదప నక్షత్రము నుంచినచో లంకలు, లంకలో మొదలగునవి వచ్చును. అయితే మాటకు ముందు నక్షత్ర ముంచరాదు. కనుక ఎదుర్లంక, అయోధ్యలంకలు చిక్కవు. డెల్టాలోని లంకగ్రామముల పేళ్లలో 'లంక' తఱచుగా దుదినే యుండును గదా!

అచ్చటనే మఱియొక మార్గము గలదు. 'ఇన్‌సోర్స్' అను సంకేతముతో మూలపాఠమునందలి యక్షరముల వరుసను, అది పదమున నెచ్చటనున్నను, వెదకవచ్చును. నేను దానిని బరీక్షించితిని. లంక యని వెదకగా గోదావరి రాలేదు, అలంకారశాస్త్రము వచ్చినది. అలంకారము, అలంకృతి, కలంకము, లంకె, లంకించుకొనుట - వీనియన్నింటియందును 'లంక' గలదు. పలుకుటలో గాదు, సంకేతనములో. యూనికోడున గుణింతపు గుర్తులు హల్లు పిదప వేరు సంకేతములుగా నుండుటచేత 'కా', 'కృ', 'కె', 'కిం' అను నన్నింటియందును మొదట 'క' యే యుండును. తెలుగుశాఖవారికి లంక వెదకబోయిన నలంకారము దొరకుట తగిన శిక్షయే కావచ్చును. ఆ గుర్తులు పిదప రాని చోట్లనే, ముందు అకారము లేని చోట్లనే చూపుమని నియమించినచో నీ యతివ్యాప్తి చాలవరకు దొలగును. ఆ నియమమును వ్రాయుటకు యంత్రజ్ఞానముకంటె వర్ణక్రమజ్ఞాన మెక్కువ కావలయును.

లంకపదమునకు సంధివలన నాదివర్ణము మారదు, అదృష్టము. పరుషములతో మొదలగు పదముల కా యదృష్టము లేదు. తండ్రిని వెదకువానికి 'తల్లిదండ్రులు' చిక్కరు, తమ్ముని వెదకువానికి 'అన్నదమ్ములు' చిక్కరు, కాయను వెదకువానికి 'కూరగాయలు' చిక్కవు. ద్రుతము మీద పొగాకు 'బొగాకు' అగును. ప్రథమ మీద పోయె 'వోయె' అగును. గసడదవాదేశ సరళాదేశములను బరీక్షకై వల్లించి మఱచిన విద్యార్థికి అవి శోధనవాక్యరచనలో మొదటిసారి పనికివచ్చును. బాలవ్యాకరణమునకు నింతటి ప్రయోజనమును నేను మునుపు తలపలేదు.

ముద్రణలేఖనముల చిక్కు లింకను గలవు. 'కాటన్‌లో' యని పొల్లును నిలిపి వ్రాయుటకు నడుమ గంటికి గనబడని యొక సంకేతము నుంతురు. అది లేకున్న 'కాటన్లో' యగును. అక్షర మక్షరమునకు బోల్చు సాధనమున కీ రెండును వేర్వేరు. పూర్వపు టచ్చులో వలపలగిలక తొమ్మిది యంకెను బోలియుండును. 'సూర్య' మనుదానిని యకారము పిదప నా గుర్తుంచి 'సూయ౯' అని యచ్చువేసిరి. అట్టి పుస్తకమును యంత్రము చదివినను, మనుష్యుడు చూచి టైపు చేసినను నచ్చట నిజముగా తొమ్మిది యంకెయే పడిన పాఠములు గలవు. పద్యమున మాట పాదాంతమున విరిగి మఱుపాదమునకు బ్రాకును. అంతర్జాలపాఠమున నా విరుగు పంక్తిభేదముగా నిలుచును. విరిగిన మాట పూర్ణముగా నెచ్చటను లేకపోవును. యూనికోడునందు దెలుగు 1991లోనే చేరినను, యూనికోడేతర ఖతులలో గూర్చిన పిడిఎఫ్ పుస్తకము లనేకము నేటికిని జలామణిలో నున్నవి. అవి కంటికి దెలుగు, యంత్రమునకు రోమనక్షరముల చిందరవందర. వానియందు లంక వేయిసార్లున్నను లేనట్లే.

యంత్రము చేయు చదువుపొరపాట్లను జూచినప్పుడు నాకు దాళపత్రలేఖకులు జ్ఞప్తికి వత్తురు. ప, వ ల తారుమారు. ధ, థ ల తారుమారు. మ, వు ల తారుమారు - పాఠపరిష్కర్త లెన్నడో గుర్తించిన లేఖకప్రమాదములే యివి. కనుక శోధనవాక్యమును వ్రాయుట పాఠపరిష్కరణకు దోబుట్టువు. పాఠాంతరములను బట్టికగా వ్రాసికొనుట యెఱిగినవాడు రూపాంతరములను 'ఆర్' సంకేతముతో గూర్పగలడు. ఎఱుగనివానికి సంకేతములు వందయున్నను బ్రయోజనము లేదు.

పీఠికాపుర సంస్థానాధీశ్వరుని పోషణలో, జయంతి రామయ్యపంతులుగారి యాధ్వర్యమున సాగి, 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువును దలపుడు. ప్రయోగములను గ్రంథములనుండి యేరినవారు పద్యమును అన్వయించికొని, సంధి విడదీసి, విభక్తిని దొలగించి, మూలపదమును బట్టి చేర్చిరి. వారి కన్ను సంకేతములు లేని శోధనయంత్రము. వేగము లేదు, పొరపాట్లును గలవు. అయినను 'తండ్రి' క్రింద 'దండ్రి'ని జేర్చుటకు వారికి నెవరును జెప్పవలసిన పనిలేకపోయెను. ఆ నిఘంటువు నేడు అంతర్జాలమున వెదకుటకు వీలుగా నున్నది. పదముయొక్క పూర్వరూపముల పట్టిక కావలసినవాడు శోధనయంత్రమునకు బూర్వము నిఘంటువునే తెఱవవలెను. మన పత్రకర్త దానిని దెఱవలేదు.

ఫలితములసంఖ్యను గూర్చి యొక్క మాట. శోధనయంత్రము మొదట జూపు లక్షలసంఖ్య అంచనా మాత్రమే. పుటలు ద్రిప్పుకొలది మారును, దినము మారిన మారును, వెదకిన యూరు మారిన మారును. ఆ సంఖ్యను బ్రయోగబాహుళ్యమునకు బ్రమాణముగా సిద్ధాంతవ్యాసములలో వేయుట కనుచున్నాము. దీనిని మార్గదర్శకు లానకుండుట తప్పు. వ్రాయదగినది సంఖ్య కాదు: ఏ యంత్రమున, ఏ తేదీన, ఏ వాక్యముతో, ఏ రూపాంతరములతో వెదకితిమనునది. ఈ విషయమున మన పత్రకర్తయే యితరులకు మేలుబంతి. ఆయన వాక్యము లచ్చొత్తింపకున్నచో నాయన దోషమును మన మెవ్వరమును జూడగలిగియుండము.

ఇక మూలప్రశ్న. లభింపకుండుట లేకుండుటకు బ్రమాణమగునా? భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ఆఱవ ప్రమాణముగా నంగీకరించిరి. నేలమీద గుండ కానరాదు, కనుక గుండ లేదు. అయితే వారొక నియమము జేసిరి: అది యోగ్యానుపలబ్ధి కావలెను. కుండ యున్నచో గనబడియే యుండునన్న పరిస్థితి యుండవలెను. చీకటిగదిలో గుండ కానరాకుండుట కుండ లేదనుటకు జాలదు. తెలుగు అంతర్జాలమున గొన్ని గదులలో వెలుతురున్నది. పరిష్కృతపాఠము యూనికోడులో నుండి, రూపాంతరములన్నియు వెదకబడినచో, అందు లేదనుటకు గొంత యోగ్యత గలదు. ప్రతిబింబములుగా మాత్రమే యున్న గ్రంథములు, బిగించిన పత్రికాసంపుటములు, రాజమహేంద్రవరపు గౌతమీగ్రంథాలయము వంటి చోట్ల నున్న పాతయచ్చుపుస్తకములు, తాళపత్రములు - ఇవన్నియు జీకటిగదులు. సిద్ధాంతవ్యాసమున 'కానరాలేదు' అని వ్రాయువాడు ఏ గదిలో వెదకెనో చెప్పవలెను; 'లేదు' అని వ్రాయువాడు అచ్చట దీపమున్నదని కూడ జూపవలెను. ఈ రెండు క్రియలకు నడుమనున్న భేదమును మౌఖికపరీక్షలో నడుగు నాచారము మన శాఖలలో నింకను రాలేదు.

లంకపదమునకు వత్తము. దాని పూర్వసాక్షి తెలుగులిపిలో వెదకినవానికి జిక్కక, రోమను లిపిలో, అదియు వక్రవర్ణక్రమముతో నున్నది. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 'లుంకా' యను మాట నెత్తి, గోదావరీడెల్టాలోని లంకలలో బండిన పొగాకుతో జేసిన ఘాటైన చుట్టయని యర్థము జెప్పి, నదీద్వీపమునకు స్థానికనామము లంక యని వివరించినది. 1890లో కోనన్ డోయిల్ వ్రాసిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్సు, పొగచుట్టల బూడిదలను గూర్చి మాటలాడుచు, హంతకుడు త్రాగినది హిందూదేశపు లుంకాయని తెలిసినచో వెదకవలసిన పరిధి చాల దగ్గునని చెప్పును. పరిధిని దగ్గించుటకు లంకచుట్ట నుపయోగించిన మొదటి శోధకు డాయనయే కాబోలు! లండనునగరపు డిటెక్టివున కెఱుకయైన పదము 'ఇటీవలి వరదవార్తలవలన వ్యాపించినది' కాజాలదు.

ఈ సంగతి పత్రకర్తకు దెలియజేసితిని. ఆయన లంక, లుంక, లుంకా యను రోమను రూపములను 'ఆర్' సంకేతముతో గూర్చి, పొగాకును సన్నిధిగా నుంచి, ఋణచిహ్నము లొక్కటియు లేకుండ మరల వెదకి, తన పత్రమున నా భాగమును దీసివైచితినని వ్రాసినాడు. తెలుగులిపిలో నీ యర్థమున మొదటి ప్రయోగ మేదను ప్రశ్న నింకను దేల్పవలసియున్నదనియు వ్రాసినాడు. ఆ ప్రశ్నకు నేడున్న శోధనసంకేతములతో నుత్తరము రాదు. హెన్రీ మారిస్ 1878లో వ్రాసిన గోదావరిజిల్లా చరిత్రను, హెమింగ్వే 1907లో గూర్చిన జిల్లా గెజటీరును ముందుంచుకొని, వానిలోని గ్రామముల పేళ్లను బట్టి యా కాలపు దెలుగు పత్రికల సంపుటములను బుట వెంబడి పుట ద్రిప్పవలసియుండును. ఆయన వేసవిసెలవులలో రాజమహేంద్రవరము వెళ్లుటకు నిశ్చయించుకొన్నాడు.